పాఠకుల ప్రశ్నలు – జవాబులు: 1969 రాష్ట్రపతి ఎన్నిక న్యాయంగానే జరిగిందా?

రాష్ట్రపతి పదవికి ఇద్దరు తెలుగువారు ముఖాముఖి తలపడిన ఎన్నిక 1969లో జరిగింది. ఆ ఎన్నిక గురించి ఈమధ్య మాకు వరుసగా ఉత్తరాలు వచ్చాయి. వరాహగిరి వెంకటగిరి గారు గెలిచిన తీరు, నీలం సంజీవరెడ్డి గారు ఓడిన తీరు ఇన్నేళ్ల తరువాత కూడా మన పాఠకులను కలవరపెడుతున్నాయంటే ఆ వివాదంలో ఏదో తేలకుండా మిగిలిపోయిందనే అనుకోవాలి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, కొన్ని ఉత్తరాలను కుదించి, ఈసారి శీర్షికనంతటినీ ఈ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: సంజీవరెడ్డి గారిని ఓడించలేదు, వెన్నుపోటు పొడిచారని మా ఇంట్లో పెద్దలు ఇప్పటికీ అంటారు. కానీ గిరి గారి ఎన్నిక చెల్లుతుందని సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది కదా! కోర్టు పిటిషన్లను కొట్టివేసిన తరువాత కూడా దానిని అన్యాయమైన ఎన్నిక అనడం సబబేనా? (అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

ఎన్నిక చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, పోటీ ధర్మంగా జరిగిందా అన్నది మరో ప్రశ్న. కోర్టు మొదటి ప్రశ్నకే జవాబు చెప్పగలదు, అదీ చట్టం పేర్కొన్న కారణాల పరిధిలోనే. అందువల్ల తీర్పును పూర్తిగా గౌరవిస్తూనే ఆ ఎన్నికలో జరిగిన కొన్ని పనులను తప్పుపట్టే హక్కు మీ పెద్దలకు ఉంది. అయితే వెన్నుపోటు అన్న మాట అక్కడ జరిగినదానికి అంతటికీ సరిపోదని నా అభిప్రాయం. అందులో కొంత న్యాయమైన రాజకీయ పోరాటం, కొంత నీచమైన ప్రచారం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఇన్నేళ్లుగా వాదన తెగడం లేదు.

ముందుగా జరిగిన సంగతులను ఒకసారి గుర్తుచేసుకుందాం. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులైలో బెంగళూరులో సమావేశమైన కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డులో ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు ప్రతిపాదించగా, పార్టీలో పెత్తనం చేస్తున్న పెద్దలు, అంటే అప్పట్లో సిండికేట్ అని అందరూ పిలిచే వర్గం, లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఖరారు చేసింది. కొద్ది రోజుల్లోనే ప్రధాని మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థికశాఖను తీసేసుకున్నారు. జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వెలువడింది. ఆ మరునాడే గిరి పదవులు వదులుకుని స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు జరగగా, 24న గిరి ప్రమాణ స్వీకారం చేశారు. నవంబరు నాటికి కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

ఈ క్రమాన్ని చూస్తే పైకి రాష్ట్రపతి ఎన్నికగా కనిపించినది లోపల ఒక పార్టీలో ఆధిపత్యం కోసం జరిగిన యుద్ధమని తెలుస్తుంది. ఆ యుద్ధంలో సంజీవరెడ్డి గారు నలిగిపోయారన్నది కాదనలేని నిజం. ఇల్లూరులో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రిగా, కాంగ్రెస్ జాతీయాధ్యక్షుడిగా, స్పీకర్‌గా పనిచేసిన మనిషి సొంత పార్టీ అధికారిక అభ్యర్థిగా నిలబడి, ఆ పార్టీ ఓట్లు చీలిపోవడం వల్ల ఓడిపోయారు. మీ జిల్లావారికి ఆ బాధ ఉండటం సహజం. కానీ గిరి గారిని ఎవరో నిలబెట్టిన బొమ్మగా చూడటం కూడా అన్యాయమే. ఆయన రైల్వే కార్మికుల నాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డ మీదే ఓడించారు. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఉంటూ బ్యాంకు ఉద్యోగుల వేతనాల వివాదంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేశారు. రాష్ట్రపతి పదవికి పోటీపడే అర్హత ఇద్దరికీ నిండుగా ఉంది.

ప్రశ్న: గిరి గారికి మొదటి లెక్కింపులో మెజారిటీ రాలేదనీ, రెండో ప్రాధాన్య ఓట్లతో గట్టెక్కారనీ చదివాను. అలాంటి గెలుపుకు పూర్తి విలువ ఉంటుందా? (కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

తప్పకుండా ఉంటుంది. రాష్ట్రపతిని ఎన్నుకునే పద్ధతే అది. ఇందులో ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలే. ఒక్కొక్కరి ఓటుకూ ఒక నిర్ణీత విలువ ఉంటుంది. ఒక్కో ఓటరు అభ్యర్థులకు తన ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఇస్తారు. చెల్లిన ఓట్ల మొత్తం విలువలో సగానికి మించినదే కోటా. ఎవరికీ కోటా రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవారిని తొలగించి, వారి ఓటర్లు తరువాత ఎవరిని కోరుకున్నారో వారికి ఆ ఓట్లను కలుపుతూ పోతారు.

1969 అంకెలను దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే తరువాతి వివాదమంతా ఈ అంకెల మీదే నిలిచింది. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. కోటా 4,18,169. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, జనసంఘ్, స్వతంత్ర పార్టీలు బలపరిచిన సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. బరిలో మొత్తం 15 మంది ఉన్నా మిగిలిన పన్నెండుగురికీ కలిపి పడినవి చాలా స్వల్పం. వారిలో ఐదుగురికి ఒక్క ఓటు కూడా రాలేదు. నామినేషన్ పత్రంపై ప్రతిపాదించినవారు, బలపరిచినవారు కూడా ఓటర్లే కదా, వారు సైతం తమ అభ్యర్థికి మొదటి ప్రాధాన్యం ఇవ్వలేదన్నమాట. ఇలాంటి నామినేషన్లను అరికట్టడానికే 1974లో చట్టాన్ని సవరించి పదిమంది ప్రతిపాదకులు, బలపరిచేవారు మరో పదిమంది ఉండాలన్నారు. 1997 నుంచి ఆ సంఖ్య యాభై, యాభై అయింది.

అందరినీ తొలగిస్తూ వచ్చాక చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఈ క్రమంలో గిరికి అదనంగా చేరినవి 18,562 మాత్రమే కాగా సంజీవరెడ్డికి 91,879 చేరాయి. అంటే దేశ్‌ముఖ్‌కు మొదటి ఓటు వేసినవారిలో అత్యధికులు రెండో ఓటును సంజీవరెడ్డికే ఇచ్చారు. కనుక రెండో ప్రాధాన్య ఓట్ల వల్ల గిరి గట్టెక్కారన్న మాట సగమే నిజం. ఆ ఓట్లు ఎక్కువగా ఉపయోగపడింది సంజీవరెడ్డికి. గిరి మొదటి లెక్కింపులో సంపాదించిన ఆధిక్యం పెద్దది కాబట్టి నిలదొక్కుకున్నారు.

చివరి తేడా 14,650. పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ అప్పట్లో 576. లెక్క వేసి చూడండి: 13 మంది ఎంపీలు ఇటు నుంచి అటు మారి ఉంటే ఫలితం తారుమారయ్యేది. దేశ ప్రథమ పౌరుడు ఎవరన్నది పదముగ్గురి చేతిలో ఉంది. ఈ అంకెను గుర్తుపెట్టుకుని తరువాతి జవాబులు చదవమని కోరుతున్నాను.

ప్రశ్న: సంజీవరెడ్డి గారి నామినేషన్ పత్రంపై సంతకం చేసిన ప్రధానమంత్రే, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయండని ఎంపీలకు చెప్పడం నమ్మకద్రోహం కాదా? పార్టీ విప్ ఇచ్చి ఉంటే ఆ ఓటమి జరిగేది కాదు కదా? (విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

సంతకం చేసి తరువాత వెనుదిరగడం రాజకీయ మర్యాద కాదు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పవలసిందే. ప్రధానికి అభ్యర్థి నచ్చకపోతే సంతకం చేయకుండా ఆ రోజే బహిరంగంగా విభేదించి ఉంటే దేశానికి మరింత గౌరవంగా ఉండేది. కానీ మర్యాద తప్పడం వేరు, ఎన్నికను కలుషితం చేయడం వేరు.

రాష్ట్రపతి ఎన్నిక రహస్య బ్యాలెట్ పద్ధతిలో జరగాలని రాజ్యాంగం 55వ అధికరణం చెబుతోంది. ఓటు రహస్యమైనప్పుడు ఫలానావారికే వేయాలని ఆజ్ఞాపించడం ఆ రహస్యానికే విరుద్ధం. ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయరాదన్నదే నేటికీ ఎన్నికల సంఘం వైఖరి. అంటే 1969లో విప్ ఇవ్వాలని పట్టుబట్టిన కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్పది సూత్రరీత్యా బలహీనమైన వాదన. స్వేచ్ఛగా ఓటు వేయనివ్వాలన్నవారు సొంత ప్రయోజనం కోసమే అన్నా, సరైన మాటే అన్నారు.

మరో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. సంజీవరెడ్డికి రెండో ప్రాధాన్య ఓట్లు సమకూర్చడానికి నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిశారు. ఓట్లు అడగడం తప్పు కాదు. కానీ పార్టీ క్రమశిక్షణ పేరు చెప్పి ప్రధానిని నిలదీసినవారే బయటి పార్టీల మద్దతు కోసం వెళ్లడం ప్రధాని వర్గానికి ఆయుధమైంది. బ్యాంకుల జాతీయీకరణను ఆ రెండు పార్టీలూ వ్యతిరేకిస్తున్నందున, ఈ పోటీని సామాన్యులకూ సంపన్నులకూ మధ్య పోరాటంగా చిత్రించడం సులభమైపోయింది.

ఆ ప్రబోధమంతా నిజంగా అంతరాత్మదేనా, అధికారంలో ఉన్నవారి పట్ల భయభక్తులా అన్నది మీరు అడగదలచిన అసలు ప్రశ్న అనుకుంటాను. మంత్రిపదవులు పంచే చేయి, టికెట్లు ఇచ్చే చేయి ఏ వైపు ఉన్నాయో చూసి ఓటేసినవారు రెండు వర్గాలలోనూ ఉండే ఉంటారు. దానిని ఏ చట్టమూ పట్టుకోలేదు. రహస్య బ్యాలెట్ ఉన్నది సరిగ్గా అలాంటి ఒత్తిడి నుంచి ఓటరుకు రక్షణ ఇవ్వడానికే. ఆ రక్షణ వల్ల అంతమంది కాంగ్రెస్ సభ్యులు పార్టీ అభ్యర్థిని కాదనగలిగారంటే, ఆ మేరకు ఆ ఎన్నిక స్వేచ్ఛగానే జరిగిందని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: నేను న్యాయశాస్త్ర విద్యార్థిని. సంజీవరెడ్డి గారిపై పంచిన కరపత్రం విషయంలో సుప్రీంకోర్టు ఏమి తేల్చింది? అంత తక్కువ తేడాతో ఫలితం వచ్చినప్పుడు ఆ కరపత్రమే గెలుపోటములను నిర్ణయించి ఉండవచ్చు కదా? (వరంగల్ నుంచి)

నా దృష్టిలో 1969 ఎన్నికపై పడిన అసలు మచ్చ ఇదే. అందుకే దీనికి కాస్త విపులంగా జవాబు చెబుతాను.

పోలింగ్‌కు ముందు పేరూ ఊరూ లేని ఒక కరపత్రం ఎంపీల చేతుల్లోకి వచ్చింది. అందులో సంజీవరెడ్డి వ్యక్తిగత శీలంపై అతి హీనమైన ఆరోపణలు ఉన్నాయి. అది తపాలాలో వచ్చిందనీ, పార్లమెంటు సెంట్రల్ హాలులోనే పంచారనీ పిటిషనర్లు ఆరోపించారు. సెంట్రల్ హాలంటే రాజ్యాంగ సభ కొలువుదీరిన చోటు. స్పీకర్‌గా తాను నిన్నమొన్నటి దాకా గౌరవంతో నడిచిన ఆ హాలులో తన గురించి అలాంటి కాగితం చేతులు మారుతుంటే ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. విధానాల గురించిన విమర్శ ఒక్కటీ అందులో అక్కరలేకపోయింది. మనిషిని మలినం చేయడమే దాని పని.

గిరి ఎన్నికను సవాలు చేస్తూ నాలుగు పిటిషన్లు దాఖలయ్యాయి. శివ్ కృపాల్ సింగ్ వర్సెస్ వి.వి. గిరి అన్న పేరుతో ఆ కేసు న్యాయశాస్త్ర పుస్తకాల్లో నిలిచిపోయింది. సిక్రీ, షెలత్, భార్గవ, మిట్టర్, వైదియలింగం అనే ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విచారించింది. పార్లమెంటు సభ్యులు సాక్షులుగా బోనెక్కారు. ఒక సాక్షి తాను అనలేదన్న మాటలను టేపు రికార్డు ద్వారా చూపించవచ్చా అన్న తగాదా ఈ కేసులోనే వచ్చింది. సాక్షి మాటను ఖండించడానికి టేపును సాక్ష్యంగా స్వీకరించవచ్చని కోర్టు చెప్పింది. మీ సాక్ష్యాధారాల చట్టం పాఠంలో ఎన్. శ్రీరామరెడ్డి కేసుగా చదువుకునేది ఇదే.

ఇక కరపత్రం సంగతి. రాష్ట్రపతి ఎన్నికలకు వర్తించేది 1952 నాటి ప్రత్యేక చట్టం. దాని 18వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ప్రచారం కారణంగా ఎన్నికను రద్దు చేయాలంటే లంచం లేదా అనుచిత ప్రభావం (ఓటరు స్వేచ్ఛలో జోక్యం) అన్న నేరం జరిగినట్లు రుజువు కావాలి. గెలిచిన అభ్యర్థి గానీ, ఆయన సమ్మతితో మరొకరు గానీ ఆ నేరం చేసి ఉంటే ఎన్నిక రద్దవుతుంది. ఆయనకు తెలియకుండా బయటివారు చేసి ఉంటే మాత్రం, దానివల్ల ఫలితం గణనీయంగా మారిందని కూడా రుజువు చేయాలి. శీలంపై బురద చల్లడం అనుచిత ప్రభావం కిందికి వస్తుందా అన్న విషయంలో ఐదుగురు న్యాయమూర్తుల మధ్య అభిప్రాయభేదం వచ్చింది. ఒక ఓటరును ఒకరి వైపు మొగ్గించే ప్రచారం ఎంత అబద్ధమైనా అది స్వేచ్ఛకు అడ్డు కాదని ఇద్దరు భావించారు. హద్దు మీరిన దూషణ ఓటరు స్వేచ్ఛలో జోక్యమయ్యే అవకాశం ఉందని మిగిలిన ముగ్గురు భావించారు. అయితే అది గిరి పనో, ఆయనకు తెలిసి జరిగిన పనో అని గానీ, దాని కారణంగా ఫలితం మారిందని గానీ రుజువు కాలేదన్న నిర్ణయంతో 1970లో పిటిషన్లన్నీ వీగిపోయాయి.

ఉన్న చట్టానికీ ఉన్న సాక్ష్యానికీ కట్టుబడి చూస్తే ఆ తీర్పును తప్పుపట్టలేం. తప్పు చట్టంలో ఉంది. ఓటు రహస్యం. నేను ముందు సంజీవరెడ్డికి వేద్దామనుకుని ఆ కాగితం చదివి మనసు మార్చుకున్నానని ఏ ఎంపీ కోర్టుకు వచ్చి చెబుతాడు? చెప్పమని ఎవరు బలవంతపెట్టగలరు? అలాంటివారు పదముగ్గురు ఉంటే ఫలితం మారిపోయేదని లెక్క చెబుతోంది, కానీ ఆ పదముగ్గురినీ చూపించే దారి పిటిషనర్‌కు లేదు. ఆచరణలో ఎవరూ నెరవేర్చలేని షరతును చట్టం పెట్టింది. కరపత్రం ఫలితాన్ని మార్చిందని నేను అనడం లేదు. మార్చలేదని కూడా ఎవరూ నిరూపించలేదు. ప్రశ్న తెరిచి ఉండగానే కేసు మూతపడింది.

ఇక్కడ మీరు గమనించవలసిన తేడా ఒకటుంది. శాసనసభకో లోక్‌సభకో జరిగే ఎన్నికలో అభ్యర్థి వ్యక్తిగత శీలం గురించి తెలిసి తెలిసి అబద్ధం ప్రచురించడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ విడిగా అవినీతి చర్యగా పేర్కొంది. రాష్ట్రపతి ఎన్నికల చట్టంలో ఆ మాట లేదు, లంచం, అనుచిత ప్రభావం రెండే ఉన్నాయి. ఎమ్మెల్యే అభ్యర్థికి ఉన్న రక్షణ రాష్ట్రపతి అభ్యర్థికి లేదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే ఓటర్లు కాబట్టి వారు ఇలాంటివాటికి లొంగరని ఆనాటి చట్టసభ అనుకుని ఉండవచ్చు. ఆ నమ్మకం సెంట్రల్ హాలులోనే పరీక్షకు నిలిచింది.

మరోరకంగా ఆలోచించిన న్యాయస్థానం లేకపోలేదు. ఆస్ట్రియాలో 2016 మేలో జరిగిన అధ్యక్ష ఎన్నిక తుది విడతలో వాన్ డెర్ బెలెన్, నార్బర్ట్ హోఫర్‌పై 30,863 ఓట్ల తేడాతో గెలిచారు. పోస్టల్ ఓట్ల లెక్కింపులో నిబంధనలు పాటించలేదని, 77 వేలకు పైగా ఓట్ల విషయంలో ఈ లోపం ఉందని తేలింది. ఎవరూ ఓట్లను తారుమారు చేసినట్లు సాక్ష్యం దొరకలేదు. అయినా ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం జులై 1న ఎన్నికను రద్దు చేసింది. లోపం ఫలితాన్ని మార్చిందని రుజువు కానక్కరలేదు, మార్చగలిగే అవకాశం ఉంటే చాలునన్నది ఆ కోర్టు పాటించే సూత్రం. డిసెంబరులో మళ్లీ పోలింగ్ జరిగింది. అదే వాన్ డెర్ బెలెన్ మరింత ఆధిక్యంతో గెలిచారు. మళ్లీ ఓటింగ్ పెట్టినందువల్ల ఆయనకు నష్టం కలగలేదు సరికదా, గెలుపును శంకించే నోళ్లు మూతపడ్డాయి. లెక్కింపు లోపానికీ కరపత్రానికీ పోలిక పూర్తిగా కుదరదు, ఒకటి ఓట్ల సంఖ్యతో కొలవగలిగినది, మరొకటి మనసులో జరిగినది. అయినా రుజువు భారం ఎవరి మీద ఎంత ఉండాలన్న విషయంలో మనం ఆలోచించవలసింది అక్కడ ఉంది.

ప్రశ్న: గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉంటూనే ఎన్నికకు సిద్ధమయ్యారు. ఆ హోదా ఆయనకు అనుకూలించలేదంటారా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

అనుకూలించకుండా ఉండదు. బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్‌పై సంతకం చేసింది ఆయనే, మరునాడు రాజీనామా చేసి బరిలో దిగిందీ ఆయనే. ఆ ఒక్క రోజు వ్యవధిని చూసి అనుమానపడినవారిని తప్పుపట్టలేం. అయితే పదవిలో కూర్చునే పోటీ చేయకుండా తాత్కాలిక రాష్ట్రపతి పదవితో పాటు ఉపరాష్ట్రపతి పదవిని కూడా వదులుకున్నారు. ఓడిపోతే తిరిగి వెళ్లడానికి ఆయనకు ఏ పదవీ మిగల్లేదు. రెండు పదవులూ ఒకేసారి ఖాళీ కావడంతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించారు. పోలింగ్ జరిగిన రోజున రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది పోటీకి సంబంధం లేని వ్యక్తి.

ఆ తరువాత గిరి చేసిన మరో పని ఆయన మీద నా గౌరవాన్ని పెంచింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి అయ్యుండి, తన ఎన్నికపై జరుగుతున్న విచారణలో సాక్ష్యం చెప్పడానికి స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చారు. 75 ఏళ్ల వయసులో ప్రత్యర్థుల న్యాయవాదుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. తనపై వేసిన నిందకు తానే ఎదురు నిలబడ్డారు. ఎన్నికకు న్యాయబద్ధత కట్టబెట్టేది తీర్పు ఒక్కటే కాదు, గెలిచినవాడు విచారణకు ఎంత తలవంచాడన్నది కూడా. ఈ విషయంలో గిరి గారికి దక్కవలసిన మంచిపేరు దక్కలేదని నా బాధ.

సంజీవరెడ్డి గారిని కూడా ఇక్కడే తలుచుకోవాలి. పిటిషన్ వేసినవారిలో ఆయన లేరు. రాజకీయాలకు దూరంగా జరిగి వ్యవసాయం చూసుకున్నారు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి దక్కిన స్థానం అదొక్కటే. అదే ఏడాది జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1969లో అంతరాత్మ పేరు చెప్పి ఆయనను కాదన్న ఇందిరాగాంధీ కాంగ్రెస్ కూడా ఆసారి ఆయనకు ఎదురు నిలబడలేదు. దానివల్ల 1969 కరపత్రం క్షమించదగినది అయిపోదు. ఆ రెండింటినీ కలిపి లెక్క సరిపోయిందనేవారితో నేను ఏకీభవించను.

ప్రశ్న: మన దేశంలో రాష్ట్రపతి ఎన్నిక ఎప్పుడైనా రద్దయిందా? ఇప్పుడు అన్యాయం జరిగిందని అనిపిస్తే సామాన్య పౌరుడు కోర్టుకు వెళ్లగలడా? (డల్లాస్‌లో ఉంటున్న గుంటూరు వాస్తవ్యులు)

ఇంతవరకు ఏ రాష్ట్రపతి ఎన్నికనూ సుప్రీంకోర్టు రద్దు చేయలేదు. 2012లో ప్రణబ్ ముఖర్జీ ఎన్నికను, ఆయనపై పోటీ చేసి ఓడిన పి.ఎ. సంగ్మా సవాలు చేశారు. ప్రణబ్ నామినేషన్ నాటికి లాభదాయక పదవిలో ఉన్నారన్నది ఆరోపణ. ఐదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు పూర్తి విచారణే అక్కరలేదంటూ పిటిషన్‌ను తోసిపుచ్చారు. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ గొగోయ్ మాత్రం విచారణ జరపవలసిందేనన్నారు. ఫలితం ఎటు వచ్చినా దేశ అత్యున్నత పదవిపై లేచిన ఆరోపణను సాక్ష్యాలతో విచారించడమే మంచిదని నేనూ అనుకుంటాను. 1970లో నెలల తరబడి సాక్షులను విన్న కోర్టుకు 2012లో అది భారమయ్యేది కాదు.

ఒక దశలో ఈ తలుపు కూడా మూసేసే ప్రయత్నం జరిగింది. ఎమర్జెన్సీ కాలంలో 1975లో వచ్చిన 39వ రాజ్యాంగ సవరణ రాష్ట్రపతి ఎన్నిక వివాదాలను సుప్రీంకోర్టు పరిధి నుంచి తప్పించింది. 1978లో 44వ సవరణ తిరిగి సుప్రీంకోర్టుకే అప్పగించింది. అలా మార్చిన రాజ్యాంగం 71వ అధికరణం ప్రకారమే నేటికీ విచారణ జరుగుతుంది.

సామాన్య పౌరుడు నేరుగా పిటిషన్ వేయడానికి వీలులేదు. పోటీ చేసిన అభ్యర్థి గానీ, ఓటర్లుగా ఉన్న ఎంపీలు, ఎమ్మెల్యేలలో కనీసం ఇరవైమంది కలిసి గానీ వేయాలి. ఫలితం ప్రకటన ప్రచురితమైన 30 రోజుల లోపు దాఖలు చేయాలి. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ ప్రస్తుతం 159, తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. ఆ ఓటు మీ తరఫున వేస్తున్నదే కాబట్టి, 1952 చట్టంలోని 18వ సెక్షన్‌లో శీలహననాన్ని కూడా చేర్చమనీ, రుజువు షరతును సడలించమనీ మీ ఎంపీకి ఉత్తరం రాయవచ్చు. ఆ సవరణ చేయగలిగేది పార్లమెంటు ఒక్కటే.